ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ కొనేముందు: విజయవాడ, గుంటూరు కొనుగోలుదారులు తరచుగా అడిగే ప్రశ్నలు

టాటా నెక్సాన్, కర్వ్, ఎంజీ విండ్సర్, హ్యుందాయ్ క్రెటా ఎలక్ట్రిక్, మహీంద్రా బీఈ 6, టాటా హారియర్ ఈవీ. ఇన్నిట్లో పోలిక ఎక్కడ మొదలుపెట్టాలి?

కారు దగ్గర కాదు, మీ పార్కింగ్ దగ్గర మొదలుపెట్టండి. రాత్రి కారు నిలిపేచోట చార్జింగ్ పెట్టుకోగలరా లేదా అన్నది తేలాకే మిగతావన్నీ. ఆ తర్వాత మీరు ఏడాదిలో నాలుగైదుసార్లయినా వెళ్లే అతి దూరపు ఊరు ఏదో చూసుకోండి. మూడోది, ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఈవీ పని తెలిసిన మెకానిక్‌లు విజయవాడలోనో గుంటూరులోనో ఉన్నారా, చిన్న పనికి కూడా హైదరాబాద్ నుంచి మనిషి రావాలా అన్నది. ఈ మూడింటికి జవాబులు దొరికితే ఆరు కార్లలో మూడు వాటంతటవే పక్కకు పోతాయి.

బ్యాటరీ సైజును కిలోవాట్ అవర్లలో చెబుతారు. ఒక కిలోవాట్ అవర్ అంటే మీ కరెంటు బిల్లులోని ఒక యూనిట్. కాబట్టి ఇక్కడ యూనిట్లనే అందాం. నెక్సాన్‌లో 30, 45. కర్వ్‌లో 45, 55. విండ్సర్‌లో 38, విండ్సర్ ప్రోలో 52.9, క్రెటా ఎలక్ట్రిక్‌లో 42, 51.4, బీఈ 6లోనూ, మహీంద్రాదే అయిన ఎక్స్‌ఈవీ 9ఈలోనూ 59, 79, హారియర్‌లో 65, 75. ఒకే పేరు మీద రెండు బ్యాటరీలు ఉంటాయి కనుక షోరూంలో ధర చెప్పినప్పుడు అది ఏ బ్యాటరీ ధరో ముందు అడగండి. ప్రకటనలో కనిపించే ధర చిన్న బ్యాటరీది, పక్కనే రాసిన కిలోమీటర్లు పెద్ద బ్యాటరీవి అయ్యే సందర్భాలు తక్కువేం కాదు.

నెక్సాన్‌కు కంపెనీ 489 కిలోమీటర్లు అంటోంది. నిజంగా ఎంత వస్తుంది?

ఆ అంకె ల్యాబ్‌లో రోలర్ల మీద కారు నడిపి తీసినది. ఆ పరీక్షలో ఏసీ ఆఫ్‌లో ఉంటుంది, వేగం గంటకు 90 కిలోమీటర్లు దాటదు, సగటు వేగం ఇంకా చాలా తక్కువ. 45 యూనిట్ల నెక్సాన్‌కు సర్టిఫికెట్‌లో 489 ఉంటే, వాడకంలో 350 నుంచి 375 అని టాటా వాళ్లే వేరుగా చెబుతున్నారు. 55 యూనిట్ల కర్వ్‌కు 585 పక్కన 400 నుంచి 425 అంటున్నారు. వేరే కంపెనీ కారుతో పోల్చేటప్పుడు సర్టిఫికెట్ అంకెకు సర్టిఫికెట్ అంకెనే పెట్టండి. ఒకరి ల్యాబ్ అంకె పక్కన ఇంకొకరి వాడకం అంకె పెడితే లెక్క తప్పుతుంది.

చేతిలెక్క ఇలా వేసుకోండి. నెక్సాన్, విండ్సర్, క్రెటా సైజు కార్లకు ఊళ్లో ఏసీ వేసుకుని తిరిగితే యూనిట్‌కు ఆరున్నర నుంచి ఏడున్నర కిలోమీటర్లు, హైవే మీద 100 వేగంలో ఐదున్నర నుంచి ఆరు. హారియర్, ఎక్స్‌ఈవీ 9ఈ లాంటి బరువైన వాటికి హైవే మీద నాలుగున్నర నుంచి ఐదున్నర. పెట్రోల్ కారు హైవేలో మైలేజీ ఎక్కువ ఇస్తుంది, ఎలక్ట్రిక్ కారు ఊళ్లో ఎక్కువ ఇస్తుంది. గాలి నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది: 80లో ఉన్నదానికి 100లో ఒకటిన్నర రెట్లకు పైనే. అందుకే దారిలో చార్జ్ సరిపోదేమో అనిపిస్తే ఏసీ కట్టేసి చెమటలు కక్కడం కంటే వేగం 80కి దించడం మేలు.

విజయవాడ నుంచి హైదరాబాద్‌కు మధ్యలో ఆగకుండా వెళ్లొచ్చా?

దూరం సుమారు 275 కిలోమీటర్లు. ఇంట్లో నిండా చార్జ్ చేసుకుని బయల్దేరి, 15 శాతం మిగిలేదాకా వాడతారనుకుందాం. అంటే బ్యాటరీలో 85 శాతమే మీ చేతిలో ఉన్నది.

45 యూనిట్ల కారుకు: 38 యూనిట్లు, యూనిట్‌కు 5.8 చొప్పున 220 కిలోమీటర్లు. ఆగాల్సిందే. 51.4కు దాదాపు 253. 55కు 270 పైచిలుకు. ఈ రెండూ 100 వేగంలో చేరవు, 85 దగ్గర పట్టుకుంటే చేరతాయి. కానీ ఇంట్లో పెద్దవాళ్లను, పిల్లలను కూర్చోబెట్టుకుని ఆఖరి 20 కిలోమీటర్లు శాతం అంకె చూస్తూ నడపడం ఎవరికీ మంచిది కాదు. వీటితోనూ ఒకసారి ఆగడానికే సిద్ధపడండి. 79 యూనిట్ల బీఈ 6కు యూనిట్‌కు 5 వేసుకున్నా 335 వస్తుంది, ఆగకుండా చేరుతుంది. అదే కారు విశాఖకు, అంటే సుమారు 350కి, చిన్న ఆగుడు అడుగుతుంది.

హైదరాబాద్ దారిలో సూర్యాపేట దాదాపు సరిగ్గా మధ్యలో పడుతుంది, భోజనానికీ అదే చోటు. 20 నుంచి 25 శాతం ఉండగానే చార్జర్ దగ్గరకు చేరేలా చూసుకోండి. 8 శాతంతో చేరాక కారుకు తగిలించే చార్జింగ్ గన్ పనిచేయకపోతే పక్క స్టేషన్‌కు వెళ్లే దారి ఉండదు. ఒక్క చార్జర్ ఉన్నచోటు కన్నా రెండు మూడు ఉన్నచోటు ఎంచుకోండి. స్టేషన్ యాప్‌లు ముందే వేసుకుని, ఓటీపీలు పూర్తిచేసి, వ్యాలెట్‌లో డబ్బు వేసి ఉంచండి. సిగ్నల్ సరిగా లేని చోట ఈ పని పెట్టుకుంటే అరగంట పోతుంది. చార్జర్ స్క్రీన్ వెలుగుతున్నా చార్జ్ మొదలుకాకపోతే ఎర్ర ఎమర్జెన్సీ బటన్ ఎవరైనా నొక్కి వదిలేశారేమో చూడండి. కుడివైపు తిప్పితే అది పైకి లేస్తుంది.

టోల్ మాత్రం మామూలుగానే కట్టాలి. ఆకుపచ్చ నంబర్ ప్లేటుకు జాతీయ రహదారి మీద మినహాయింపు లేదు.

తిరుమల ఘాట్ ఎక్కితే చార్జ్ పడిపోతుందా?

పడుతుంది, కానీ భయపడేంత కాదు. తిరుపతి నుంచి కొండకు ఎత్తు తేడా దాదాపు 700 మీటర్లు. మనుషులతో కలిపి రెండు టన్నుల కారును అంత ఎత్తుకు తీసుకెళ్లడానికే 4 యూనిట్లు కావాలి, దూరానికి అయ్యేది కలిపితే ఆరేడు యూనిట్లు. దిగేటప్పుడు రీజనరేషన్‌లో, అంటే మోటారే వేగం తగ్గిస్తూ కరెంటు పుట్టించడంలో, కొంత తిరిగొస్తుంది. కొండమీద 100 శాతం చార్జ్ చేసి దిగితే మాత్రం బ్యాటరీలో చోటు లేక రీజెన్ సరిగా పట్టదు, భారమంతా బ్రేకుల మీద పడుతుంది.

20 నిమిషాల్లో చార్జ్ అవుతుందని చెప్పే కారే మంచిదా?

కారు ఎంత తీసుకోగలదు అన్నది ఒక అంకె. చార్జర్ స్తంభం ఎంత ఇవ్వగలదు అన్నది ఇంకొకటి. రెండింట్లో తక్కువదే మీకు అందుతుంది. 79 యూనిట్ల బీఈ 6లో 20 నుంచి 80 శాతానికి 20 నిమిషాలు అన్నది 175 కిలోవాట్ చార్జర్ మీద లెక్క. మన దారుల్లో ఎక్కువగా ఎదురయ్యేవి 30, 60 కిలోవాట్‌వి. పైగా 60 కిలోవాట్ స్తంభానికి రెండు గన్‌లు ఉంటే, పక్కన ఇంకో కారు తగిలించగానే చాలాచోట్ల 30, 30గా విడిపోతుంది.

60 కిలోవాట్ మీద 79 యూనిట్ల కారు 10 నుంచి 80 శాతానికి దాదాపు గంట తీసుకుంటుంది, 55 యూనిట్లు ఎక్కుతాయి, 270 కిలోమీటర్ల పైన దారి వస్తుంది. 51.4 యూనిట్ల క్రెటాకు 50 కిలోవాట్ చార్జర్ మీద కంపెనీ చెప్పేది 58 నిమిషాలు. ఎక్కేవి 36 యూనిట్లు, వచ్చే దారి 200 చిల్లర. ఇద్దరూ గంటే ఆగారు, ముందుకెళ్లే దూరం మాత్రం వేరు. అందుకే "ఎన్ని నిమిషాలు" అని కాక "గంట ఆగితే ఎన్ని కిలోమీటర్లు" అని అడగండి. 80 తర్వాత చార్జింగ్ వేగం బాగా పడిపోతుంది కనుక దారిలో 100 దాకా కూర్చోవద్దు, వెనక నిలబడినవాళ్లకూ ఇబ్బంది.

మాది పటమటలో అపార్ట్‌మెంట్, కింద స్టిల్ట్ పార్కింగ్. చార్జర్ పెట్టుకోనిస్తారా?

కనెక్షన్ అడిగే హక్కు మీకుంది. 2024 ఫిబ్రవరిలో సవరించిన కేంద్ర విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం ఈవీ చార్జింగ్‌కు విడిగా కనెక్షన్ అడగొచ్చు. కొత్త కనెక్షన్‌కు మున్సిపల్ ప్రాంతాల్లో ఏడు రోజుల గడువు పెట్టారు. అసోసియేషన్‌తో గొడవ పెట్టుకోకుండా, కేబుల్ ఏ దారిలో వస్తుందో గీసిన కాగితం, లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ సంతకం పట్టుకుని మీటింగ్‌కు వెళ్లండి. వాళ్ల భయం ఎక్కువగా కామన్ మీటర్ మీద భారం పడుతుందనీ, మంటలు వస్తాయనీ. మీ ఫ్లాట్ మీటర్ నుంచే లైన్ వస్తుందని చూపిస్తే సగం అభ్యంతరాలు పోతాయి.

పని ఇలా చేయించండి. 7.2 కిలోవాట్ వాల్‌బాక్స్‌కు, అంటే గోడకు బిగించే చార్జర్‌కు, 32 ఆంపియర్లు గంటల తరబడి పారుతుంది. మీటర్ ప్యానెల్ నుంచి మీ పార్కింగ్‌కు 25 మీటర్లు ఉంటే 6 చదరపు మిల్లీమీటర్ల కాపర్ కేబుల్‌లో దాదాపు 5 వోల్టులు పోతాయి, 10లో 3. కాబట్టి 20 మీటర్లు దాటితే 10 వేయించడం మంచిది. అల్యూమినియం వద్దు. లోడు మించితే లైన్ ఆపే 40 ఆంపియర్ల ఎంసీబీ, కరెంటు లీకైతే లైన్ ఆపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. ఆర్‌సీసీబీ టైప్ ఏ అయి ఉండాలి. ఇళ్లలో మామూలుగా ఉండే టైప్ ఏసీ రకం ఈవీ లీకేజీని సరిగా పట్టదు. కేబుల్ కండ్యూట్‌లో, తల తగలని ఎత్తులో రావాలి.

తర్వాత కాంట్రాక్టెడ్ లోడు, అంటే మీ కనెక్షన్‌కు ఒప్పుకున్న గరిష్ఠ లోడు. మీ బిల్లు మీదే ఉంటుంది. అది 3 కిలోవాట్లు అయి, ఇంట్లో రెండు ఏసీలు, గీజరు ఉంటే ఈ చార్జర్‌కు చోటు లేదు. ఏపీసీపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో లోడు పెంచమని అర్జీ పెట్టండి. త్రీఫేజ్ మీటరు అవసరమా అన్నదీ ఏఈని అప్పుడే అడగండి. లోడు మించి వాడితే తర్వాత నోటీసు వస్తుంది, అప్పుడైనా డబ్బు కట్టక తప్పదు.

ఇంట్లో 15 ఆంపియర్ల ప్లగ్గు ఉంది కదా, వాల్‌బాక్స్ అవసరమా?

రోజుకు 50, 60 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు 15 ఆంపియర్ల చార్జరే చాలు. గంటకు దాదాపు 3 యూనిట్లు ఎక్కుతాయి, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 24. గుంటూరు బ్రాడీపేట నుంచి రోజూ విజయవాడ ఆఫీసుకు వెళ్లి వచ్చేవాళ్లకు, 70 కిలోమీటర్లకు పదకొండు పన్నెండు యూనిట్లు అవుతుంది, ఇంకా మిగులుతుంది. 60 పైన బ్యాటరీ ఉన్న కారు కొని, తరచూ దూరాలు వెళ్లేవాళ్లకే వాల్‌బాక్స్ తప్పనిసరి.

చెడేది ఎక్కడంటే ప్లగ్గులో. గీజరు పది నిమిషాలు నడిచి ఆగుతుంది. కారు చార్జర్ 14, 15 ఆంపియర్లు ఎనిమిది గంటలు ఏకధాటిగా లాగుతుంది. సాకెట్ వెనక స్క్రూ కాస్త వదులుగా ఉన్నా అక్కడ వేడి పుట్టి ప్లాస్టిక్ నల్లబడుతుంది, వాసన వస్తుంది. నీలిరంగు ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టించి, ఎంసీబీ నుంచి నేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల కాపర్ వైరు లాగించండి, ఆ లైన్ మీద ఇంకేదీ వద్దు. మొదటి రోజు అరగంట చార్జ్ అయ్యాక ప్లగ్గును ముట్టుకుని చూడండి. చేయి పెట్టలేనంత వేడి ఉంటే వెంటనే ఆపేయాలి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

చార్జర్ మీద ఎర్రలైటు వచ్చి ఆగిపోతే తొంభైపాళ్లు ఎర్తింగ్ సమస్యే. పాత ఇళ్లలో ఎర్త్ వైరును నీళ్ల ఇనుప గొట్టానికి కట్టేవారు. తర్వాత ఆ గొట్టం తీసి పీవీసీ వేశారు, ఎర్త్ పోయింది, ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు. ఫ్రిజ్ నడుస్తుంది, ఏసీ నడుస్తుంది, కారు మాత్రం ఒప్పుకోదు. కొత్తగా ఎర్త్ పిట్ తీయించి, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ రెండు మూడు వోల్టులకు మించకుండా మీటర్‌తో చూపించమనండి. చార్జర్ లోపల ఎర్త్ చెకింగ్ తీసేసే అడ్డదారి చెప్పేవాళ్లను ఇంట్లోకి రానివ్వకండి. అది ప్రాణాలకు సంబంధించిన విషయం.

కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?

నెలకు 1,000 కిలోమీటర్లకు, చార్జింగ్‌లో పోయే పదో వంతు కలుపుకుని, 160 యూనిట్లు అనుకోండి. 2022లో మార్చిన శ్లాబుల్లో 226 నుంచి 400 దాకా యూనిట్ 8.75 రూపాయలు, 400 దాటితే 9.75. ఇంటి వాడకం ఇప్పటికే 240 ఉంటే కారు వాటా 1,400 రూపాయలు. మే నెలలో ఏసీలతోనే 400 దాటితే 1,560. సర్దుబాటు చార్జీలు అదనం. కిలోమీటరుకు రూపాయిన్నర దరిదాపు. బయటి ఫాస్ట్ (డీసీ) చార్జర్లలో జీఎస్టీతో కలిపి యూనిట్ 16 నుంచి 25 రూపాయలు పడుతుంది కనుక, ఇంట్లో చార్జింగ్ లేనివాళ్లకు ఖర్చు సుమారు రెండింతలో, అంతకన్నా ఎక్కువో అవుతుంది. అలాంటివాళ్లు కొనేముందు మళ్లీ ఆలోచించాలి.

సొంత డాబా ఉంటే 3 కిలోవాట్ల సోలార్ రోజుకు సగటున 12 యూనిట్లు ఇస్తుంది. కేంద్రం సోలార్ పథకం పీఎం సూర్యఘర్‌లో దానికి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది.

మన ఎండలకు బ్యాటరీ తట్టుకుంటుందా?

పైన చెప్పిన కార్లన్నిటికీ బ్యాటరీని ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు ఉంది. ఎండలో హైవే మీద వచ్చి వెంటనే ఫాస్ట్ చార్జ్ పెడితే ఫ్యాన్ హోరున మోగుతుంది, చార్జింగ్ నెమ్మదిస్తుంది. అది లోపం కాదు, బ్యాటరీ తనను తాను కాపాడుకోవడం. నిండా చార్జ్ చేసి రోజుల తరబడి ఎండలో వదిలేయడమే బ్యాటరీకి ఎక్కువ చేటు.

బ్యాటరీ రసాయనం ఏదో అడగండి. పైన చెప్పిన టాటా, మహీంద్రా కార్లలో, విండ్సర్‌లో ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్). క్రెటా ఎలక్ట్రిక్‌లో ఎన్ఎంసీ (నికెల్ మాంగనీస్ కోబాల్ట్). ఎల్ఎఫ్‌పీని వారానికోసారి 100 దాకా నింపితే మంచిది, లేకపోతే శాతం లెక్క తప్పుతుంది. ఎన్ఎంసీని రోజువారీ 80 దగ్గర ఆపి, ఊరెళ్లే ముందే నింపుకోవాలి.

సింగ్‌నగర్‌లో ఉంటాం. మళ్లీ బుడమేరు వరద వస్తే?

ఇది అడగాల్సిన ప్రశ్నే. బ్యాటరీకి ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు తట్టుకునేలా పరీక్షించారని. 2024 సెప్టెంబర్‌లో సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం వైపు నీళ్లు నిలిచింది నిమిషాలు కాదు, రోజులు. ఏ కారుకూ దానికి హామీ లేదు, నీటి నష్టం వారంటీలోకి రాదు. కాబట్టి ఇన్సూరెన్స్‌లో బ్యాటరీ, మోటారుకు నీటి నష్టం కవర్ అయ్యే యాడ్-ఆన్ ఉందో లేదో పాలసీ కాగితంలో చదివి తీసుకోండి. వాల్‌బాక్స్‌ను పోయినసారి గోడ మీద మిగిలిన నీటి గుర్తు కంటే పైన బిగించండి. నీళ్లు వస్తున్నాయని తెలియగానే గన్ తీసి, ఎంసీబీ దించి, కారును మెరక మీదకు చేర్చండి. మునిగిన కారును ఆన్ చేయొద్దు, చార్జింగ్ పెట్టొద్దు. నాలుగు చక్రాలూ పైకెత్తే ఫ్లాట్‌బెడ్ మీదే తీసుకెళ్లాలి.

"లైఫ్‌టైమ్ వారంటీ" అంటే నిజంగా జీవితాంతమా?

మామూలుగా బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. టాటా, మహీంద్రా, ఎంజీ కొన్ని మోడళ్లకు లైఫ్‌టైమ్ అంటున్నాయి. అది మొదటి సొంతదారుకే. టాటాలో దాని అర్థం రిజిస్ట్రేషన్ నుంచి 15 ఏళ్లు. మీరు అమ్మితే కొన్నవాళ్లకు వచ్చేది వేరే, తక్కువది. ట్యాక్సీగా తిప్పితే వర్తించదు. బ్యాటరీ సామర్థ్యం ఎంత శాతం కంటే తగ్గితే మారుస్తారో వారంటీ పుస్తకంలో ఉండే అంకె చూడండి, సేల్స్‌మన్ నోటిమాట లెక్కలోకి రాదు.

విండ్సర్‌ను బ్యాటరీ అద్దెకు తీసుకోవడం లాభమా?

2024 సెప్టెంబర్‌లో 9.99 లక్షలకు కారు, కిలోమీటరుకు 3.5 రూపాయల అద్దె అని మొదలైంది. అప్పుడు బ్యాటరీతో కలిపి ధర 13.50 లక్షలు. తేడా 3.51 లక్షలు, అంటే సుమారు లక్ష కిలోమీటర్లకు ఆ తేడా తీరిపోతుంది. ఆ తర్వాత కట్టేదంతా అదనం. పైగా చార్జింగ్ కరెంటు వేరే. తక్కువ తిరిగేవాళ్లు కూడా ఫైనాన్స్ సంస్థ నెలకు కనీసం ఎన్ని కిలోమీటర్లకు బిల్లు వేస్తుందో అడగాలి. ఇక్కడ డబ్బు చేతిలో ఉన్నవాళ్లకు పూర్తిగా కొనడమే మా సలహా.

హైదరాబాద్‌లో రిజిస్టర్ చేయిస్తే రోడ్ ట్యాక్స్ లేదంటున్నారు?

2024 నవంబర్‌లో తెలంగాణ ఇచ్చిన మినహాయింపు అక్కడి వాహనాలకు. చుట్టాల అడ్రసు మీద అక్కడ చేయించి ఇక్కడ 12 నెలలకు మించి తిప్పితే చట్టం ప్రకారం ఇక్కడ మళ్లీ నమోదు చేయించుకోవాలి. ఆంధ్రలో ఆ రోజుకు లైఫ్ ట్యాక్స్ ఎంతో కొటేషన్‌లో విడి వరుసగా రాయించుకోండి. కొటేషన్‌లోనే చార్జర్ ధర కూడా చూడండి. బీఈ 6కు మొదట్లో 7.2 కిలోవాట్ చార్జర్ విడిగా 50,000 రూపాయలు. వడ్డీ మీద ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చిన సెక్షన్ 80ఈఈబీ 2023 మార్చి 31లోపు మంజూరైన లోన్లకే.

వన్‌టౌన్ సందుల్లో తిరుగుతాం. ఏ సైజు సరిపోతుంది?

నెక్సాన్ నాలుగు మీటర్లలోపు. బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈల వెడల్పు 1,907 మిల్లీమీటర్లు, అద్దాలు కాక. స్టిల్ట్ స్తంభాల మధ్య టేపు పెట్టి కొలిచి, రెండువైపులా తలుపు తెరిచే చోటు చూసుకోండి. చార్జింగ్ పోర్టు ఏ వైపు ఉంది, గన్ కేబుల్ అక్కడికి అందుతుందా అన్నది కూడా అప్పుడే. డిక్కీ అడుగు ఎత్తి స్టెప్నీ ఉందో, గాలి కొట్టే కిట్ మాత్రమే ఉందో చూడండి.

రిపేర్లు ఆటోనగర్‌లో చేయించుకోవచ్చా?

టైర్లు, అలైన్‌మెంట్, డెంటింగ్, పెయింటింగ్ నిశ్చింతగా. నారింజ రంగు కేబుళ్లు హైవోల్టేజీవి, వాటి జోలికి కంపెనీ సెంటర్ తప్ప ఎవరూ వెళ్లకూడదు. కారు అసలు తెరుచుకోకపోతే చాలాసార్లు తప్పు పెద్ద బ్యాటరీది కాదు, 12 వోల్టుల చిన్న బ్యాటరీది.

టెస్ట్ డ్రైవ్‌లో ఏం చూడాలి?

షోరూం చుట్టూ రెండు కిలోమీటర్లు సరిపోవు. బెంజ్ సర్కిల్ నుంచి వారధి దాటి కాజ టోల్ దాకా వెళ్లి రావాలని పట్టుబట్టండి. ట్రిప్ మీటర్ సున్నా చేసి, ఏసీ 24లో పెట్టి, వెళ్లేటప్పుడు 80లో, వచ్చేటప్పుడు 100లో నడిపి రెండు సగటులూ రాసుకోండి. పోటీ కారునూ అదే దారిలో, అదే పూట, అంతే మందితో నడపండి. వెనక సీట్లో ఇంటి పెద్దవాళ్లను కూర్చోబెట్టండి. బ్యాటరీ నేల కింద ఉండడం వల్ల కొన్నిట్లో మోకాళ్లు పైకి లేస్తాయి, గంట ప్రయాణంలో తొడలు నొప్పెడతాయి.

డెలివరీ రోజు ఏం సరిచూసుకోవాలి?

తయారీ నెల, ఛాసిస్ నంబరు, రెండు తాళాలు, పోర్టబుల్ చార్జర్. మీ ముందే ఇంటి చార్జర్ తరహా (ఏసీ కరెంటు) గన్ తగిలించి చార్జ్ ఎక్కించి చూపించమనండి. వీలైతే డీసీ చార్జర్ మీద కూడా ఐదు నిమిషాలు. పెండింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు అక్కడే వేయించుకోండి. యాప్ మీ ఫోన్‌కు కలిపి, డీలర్ ఫోన్‌ను అందులోంచి తీసేయించండి. ఇంట్లో వాల్‌బాక్స్ బిగింపుకు కంపెనీ ఎన్ని మీటర్ల కేబుల్ ఉచితంగా ఇస్తుందో, ఆపైన మీటరుకు ఎంతో రాసిన కాగితం తీసుకున్నాకే మిగతా డబ్బు కట్టండి.